మంచు లేని రెండు దేశాలు

మా మనవరాలు తార ఆ కబురు చెప్పినప్పుడు నేను వంటింటి కిటికీ దగ్గర నిలబడి బట్టలు తీస్తున్నాను. బిషాన్‌లో మా ఫ్లాట్ పాతది. కిటికీ బయటికి వెదురు గడలు చాపి బట్టలు ఆరేసే అలవాటు మా అంతస్తులో ఇంకా నాకొక్కదానికే మిగిలింది. గడను లోపలికి లాక్కోవడానికి మా నాన్న వదిలివెళ్లిన కర్ర ఒకటి వాడతాను. అది మంచు మీద ఆడే హాకీ కర్ర. దాని వంపు గడకు తగిలించి లాగితే ఎంత తడిబట్టల బరువైనా మాట వింటుంది. తార సంచీ సోఫా మీద పారేసి వచ్చి, "అమ్మమ్మా, ఐ గాట్ ఇన్ లా," అంది. సింగపూర్ ఆడపిల్లల ఐస్ హాకీ జట్టులోకి తనను తీసుకున్నారట. నేను నోరు తెరిచి సంతోషపడేలోపే రెండో మాట కూడా అనేసింది. మొదటి ఆట మలేషియాతో. నా చేతిలో గడ ఒరిగిపోయి, అల్లుడి ఆఫీసు చొక్కా జారి కింది అంతస్తువాళ్ల గడ మీద పడింది.

ఆ రోజు నుంచి నాకు ఒకచోట కూర్చోబుద్ధి కాలేదు. మామూలుగానే నేను నిలకడ లేని మనిషిని. ఇక కాలుగాలిన పిల్లిలా హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి కారిడార్‌లోకి తిరుగుతుంటే మా అమ్మాయి బీపీ మిషను పట్టుకుని వెంటపడింది. అల్లుడిది గుంటూరు, చాంగీ బిజినెస్ పార్క్‌లో బ్యాంకు ఉద్యోగం. "అత్తయ్యగారూ, ఇదేమన్నా ఇండియా పాకిస్తాన్ మ్యాచా, ఇంత టెన్షన్ పడుతున్నారు," అని నవ్వాడు. క్రికెట్ తప్ప ఇంకో ఆటకు కన్నీళ్లుంటాయని అతను నమ్మడు. అతనికి ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో నాకు తెలియలేదు. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను.

నాకు ఒక్కడే అన్నయ్య. జోహోర్ బారులో ఉంటాడు కనుక మా పిల్లలందరికీ అతను జేబీ తాత. నేను సింగపూర్ పౌరురాలిని, అతను మలేషియా పౌరుడు. మధ్యలో సముద్రం మీద ఉన్న కాజ్‌వే రోడ్డు బస్సులో దాటేపాటిదే. దాటలేనిది, నా చిన్నప్పుడు నాన్నకూ అతనికీ మధ్య వచ్చిన ఒక మాట. ఐస్ హాకీలో దేశాల పోటీలకు ఒక ఆచారం ఉంది. ఆట అయ్యాక రెండు జట్లూ మంచు మీద నీలం గీతల దగ్గర వరసగా నిలబడాలి. గెలిచిన దేశం జాతీయగీతం ఒక్కటే వేస్తారు. ఓడినవాళ్లు కూడా కదలకుండా నిలబడి ఆ పాట చివరిదాకా వినాలి. తార ఆట చూడ్డానికి అన్నయ్యను పిలిస్తే వస్తానన్నాడు. ఇక అప్పట్నుంచి ఒకటే ప్రశ్న నా బుర్రను తొలిచేస్తోంది. ఆ పాట వచ్చినప్పుడు అన్నయ్య ఏం చేస్తాడు, నేనేం చెయ్యాలి?

నాన్న మలేషియాలో, పేరాక్‌లోని ఒక కొబ్బరి తోటలో పుట్టాడు. తాతలది శ్రీకాకుళం వైపు. తోట బడిలో తెలుగు నేర్చుకున్నాడు, ఆ యాసతోనే చివరిదాకా మాట్లాడాడు. పని వెతుక్కుంటూ దక్షిణానికి దిగి జోహోర్‌లో కాపురం పెట్టి, అక్కడినుంచి సింగపూర్ రేవులో పనికి వచ్చేవాడు. తర్వాత కాజ్‌వే ఇవతల వుడ్‌ల్యాండ్స్‌లో అద్దె ఫ్లాట్‌కి మారాం. ఆయన పని చేసింది కోల్డ్ స్టోర్‌లో. ఓడల్లోంచి దిగిన మాంసం, చేపల పెట్టెలు అక్కడ గడ్డకట్టించి ఉంచేవారు. ఊరంతా చెమటలు కారుస్తుంటే నాన్న దూది కుక్కిన మందపాటి కోటు తొడుక్కుని పని చేసేవాడు. ఆ కోటును అమ్మ గుమ్మం దాటనిచ్చేది కాదు. అది కారిడార్‌లో మేకుకు వేలాడేది. దాని జేబుల్లో అమ్మ కర్పూరం వేసి ఉంచేది. చేపల వాసన పోలేదు సరికదా, రెండూ కలిసి మూడో వాసన ఒకటి పుట్టింది. పక్కింటి చైనా ఆంటీ మా గుమ్మం ముందునుంచి ఊపిరి బిగబట్టి నడిచేది. నాకు మాత్రం ఆ వాసన వచ్చిందంటే నాన్న ఇంట్లో ఉన్నట్టు లెక్క. ఇప్పటికీ ఐస్ రింక్ తలుపు తోసి లోపలికి వెళ్లగానే ఆ వాసన తగులుతుంది, అక్కడ చేపా లేదు, కర్పూరమూ లేదు.

నాన్న వచ్చాక స్నానం చేసి, అమ్మ ఇచ్చిన మిరియాల చారు గ్లాసుతో తాగి, వేళ్లు వంచి చాపి చూసుకునేవాడు. చలికి వేళ్లు బిగుసుకుపోయేవి. అలా చూసుకుంటూ ఓడల కబుర్లు చెప్పేవాడు. ఒకసారి ఫిన్లాండు ఓడ ఒకటి ఏదో మరమ్మతు కోసం రేవులో ఉండిపోయింది. అందులోని నావికుడు ఒకడు డెక్కు మీద కర్రతో రబ్బరు బిళ్ళను గోడకు కొట్టుకుంటూ కాలక్షేపం చేసేవాడట. నాన్న తన అన్నం డబ్బాలోంచి అతనికి అమ్మ పెట్టిన నిమ్మకాయ ఊరగాయ రుచి చూపించాడు. అతను కళ్లనీళ్లు పెట్టుకుని కూడా మర్నాడు మళ్లీ అడిగాడు. ఓడ బయల్దేరే ముందు ఆ కర్ర నాన్న చేతిలో పెట్టి వెళ్లాడు. నాన్న దాన్ని బస్సులో తెచ్చాడు. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేటండీ, ఇంత పెద్ద గరిటి తెచ్చినారు," అంది. ఒక వారం తిరక్కుండానే అది బట్టల గడలు లాగే కర్ర అయింది. మంచం కిందికి పోయిన చెప్పులు లాగడానికీ, నేను అన్నయ్యను బెదిరించడానికీ కూడా అదే.

ఆ ఆట కళ్లతో చూసింది మాత్రం టీవీలోనే. మా ఇంట్లో నలుపు తెలుపు టీవీ ఉండేది. యాంటెనా ఇటు తిప్పితే సింగపూర్, అటు తిప్పితే మలేషియా. ఆదివారం మధ్యాహ్నం ఆటల కార్యక్రమంలో ఎప్పుడో ఒకసారి, పాతబడిపోయిన ప్రపంచ పోటీల ముక్కలు వేసేవారు. ఆ చిన్న తెర మీద బిళ్ళ మాకెవరికీ కనపడేది కాదు. మనుషులు ఎటు పరిగెడితే బిళ్ళ అటు ఉందనుకునేవాళ్లం. నాన్న ఫిన్లాండు పక్షం, నావికుడి మీద గౌరవం కొద్దీ. అన్నయ్యది చెకోస్లోవేకియా. చిన్న దేశం, పెద్ద దేశాన్ని ఎదిరిస్తుంది కనుక అదట. నాది సోవియట్. వాళ్లు ఎప్పుడూ గెలుస్తారు, నాకు ఓడిపోవడం పడదు. అమ్మ ఎవరినీ కోరుకోనని మొదట బెట్టు చేసింది. స్వీడన్ వాళ్లది పసుపు చొక్కా అని నాన్న చెప్పగానే, శుభం, వాళ్లే నాకు అంది. పసుపు రంగు కనిపించని టీవీ ముందు కూర్చుని అమ్మ కొన్నేళ్లు ఆ నమ్మకంతోనే చూసింది. చివరికి కలర్ టీవీ కొన్నాక తీరా చూస్తే ఆ రోజు వాళ్లు నీలం చొక్కాల్లో వచ్చారు. నాన్నను అమ్మ మూడు రోజులు దెప్పింది.

నాన్న ఈ ఆటకు ఇంట్లో రెండు నియమాలు పెట్టాడు. పట్టుకున్న జట్టును పోటీ మధ్యలో మార్చకూడదు. ఆట చివర ఎవరి పాట వచ్చినా అందరూ లేచి నిలబడాలి. రెండో నియమం ఆయనకు ప్రాణం. "ఓడిపోయినోళ్లని సూడండి," అనేవాడు, "తిన్నగా నిలబడి అవతలోళ్ల పాట ఇంటన్నారు. అదీ మగతనం." అమ్మ గరిటె చేత్తోనే వచ్చి నిలబడేది. ఒకసారి రష్యా పాట సాగుతుండగా చైనా ఆంటీ కిటికీలోంచి తొంగి చూసింది. నలుగురం టీవీ ముందు చేతులు కట్టుకుని తలలు వంచి ఉన్నాం. ఇంట్లో ఎవరో పోయారనుకుని సాయంత్రం నారింజలు పట్టుకుని పరామర్శకు వచ్చింది. ఆ నారింజలు తింటూ మేం పడి పడి నవ్వాం.

నాకు ఆ ఆట ఎందుకు అంత పట్టిందో అప్పుడు తెలియదు, ఇప్పుడు తెలుసు. అందులో ఎవరూ ఆగరు. అలసినవాడు ఆట సాగుతుండగానే గట్టు దూకి బయటికి వస్తాడు, కొత్తవాడు అదే గట్టు దూకి లోపలికి పోతాడు. ఆట వాళ్ల కోసం ఆగదు. నాలాంటి తిరుగుడు మనిషికి అంతకన్నా ఏం కావాలి! ఫుట్‌బాల్ చూస్తే నాకు ఆవలింత వస్తుంది. ఇప్పటికీ ప్రపంచ పోటీలు వస్తే ఫోను చేతిలో పెట్టుకునే వంట చేస్తాను. లాత్వియా గెలిచిందని హాకర్ సెంటర్ తిండి కొట్ల దగ్గర ఒంటరిగా చప్పట్లు కొట్టి, పక్క టేబులు వాళ్లు నా వంక చూస్తే కాఫీ మీదికి తల దించుకున్న మనిషిని నేను.

ఆ తర్వాత నాన్నకు సొంత ఇల్లు కావాలనిపించింది. వుడ్‌ల్యాండ్స్‌లోనే కొత్త ఫ్లాట్లు కడుతున్నారు. మూడు గదులది. కొనుక్కోవాలంటే ఇక్కడి పౌరుడు కావాలి. పౌరుడైతే మలేషియా కార్డు వదులుకోవాలి. రెండూ ఉంచుకోవడం కుదరదు. మలేషియాలో పౌరుడి కార్డు నీలం. సింగపూర్‌లో నీలం కార్డంటే ఇంకా పౌరుడు కానివాడు, పౌరుడిది గులాబి రంగు. ఆ గట్టు మీద పెద్దరికం, ఈ గట్టు మీద పరాయితనం, రంగు మాత్రం ఒకటే. నాన్న చాలాకాలం ఊగిసలాడాడు. ఆయన తల్లిని దహనం చేసింది పేరాక్ తోట పక్కనే. ఒకరోజు ఎవరితోనూ చెప్పకుండా వెళ్లి అక్కడ ఒక పూట కూర్చుని వచ్చాడు. తర్వాత అమ్మనూ నన్నూ కలిపి దరఖాస్తు పెట్టాడు. అన్నయ్య అప్పటికే పెద్దవాడు. జోహోర్‌లో టీచర్ ట్రైనింగ్ కాలేజీలో సీటు వచ్చి, పెదనాన్న ఇంట్లో ఉంటున్నాడు. నేను మారను అన్నాడు. నాన్న బలవంతం చెయ్యలేదు. మారినా మారకపోయినా ఆదివారం ఆదివారం వచ్చి అన్నం తినిపోతే చాలు అంది అమ్మ.

గులాబి కార్డులు వచ్చిన సంవత్సరం జాతీయ దినం పరేడ్ నాడు అన్నయ్య ఇంటికి వచ్చాడు. అమ్మ పులిహోర చేసింది. కింద చాప మీద కూర్చుని తింటూ టీవీ చూస్తున్నాం. పరేడ్ మైదానంలో బ్యాండు మోగి సింగపూర్ పాట మొదలైంది. నాన్న లేచి నిలబడ్డాడు. అమ్మా నేనూ లేచాం. నాకు సరిగ్గా పాట రాదు. జోహోర్ బడిలో నేర్చుకున్న పాట వేరు. రెండూ మలయ్ భాషవే కనుక ఆ మాటలు ఈ మాటల్లోకి వచ్చి పడుతున్నాయి. అన్నయ్య పళ్లెం ఒళ్లో పెట్టుకుని కూర్చునే ఉన్నాడు.

నాన్న తల తిప్పకుండానే అన్నాడు. "లెగరా. ఓడిపోయినోళ్లు కూడా లెగుస్తారు."

"నానేటీ ఓడిపోనేదు నాన్నా," అన్నాడు అన్నయ్య. "మూడు గదుల కోసం ఆట మద్దిలో జట్టు మార్చీసింది నువ్వు."

నాన్న పెట్టిన నియమాన్నే తీసి నాన్న మీద వేశాడు. నాన్న పాట అయ్యేవరకూ నిలబడి, అయ్యాక టీవీ కట్టేసి, కారిడార్‌లోకి వెళ్లి కోటు జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. అందులో కర్పూరం తప్ప ఏమీ లేదు. అన్నయ్య పులిహోర సగంలో వదిలేసి బస్సుకు వెళ్లిపోయాడు. అతను అన్నది అబద్ధం కాదు, నాన్న చేసింది తప్పూ కాదు. అదే నన్ను పిచ్చిదాన్ని చేసింది. ఒకరి మీద కోపం తెచ్చుకుందామంటే రెండో మనిషి ముఖం అడ్డం వచ్చేది. బడి నుంచి వస్తూ కాజ్‌వే వైపు నడిచి, చెక్‌పోస్టు ఇవతల నిలబడి బస్సులు చూసి వచ్చేదాన్ని. ఏ బస్సులోంచీ అన్నయ్య దిగలేదు. అమ్మ ఆదివారాలు నాలుగు పళ్లేలు తీసి, ఒకటి మళ్లీ లోపల పెట్టేసేది.

చాలా ఆదివారాలు అలా పోయాక ఒకరోజు తలుపు దగ్గర అన్నయ్య నిలబడి ఉన్నాడు. నాన్న వంక చూడకుండా, పెదనాన్న ఇంట్లో టీవీ పాడైపోయిందనీ, ఇవాళ ఐస్ హాకీ వేస్తారని పేపర్లో చూశాననీ చెప్పాడు. పెదనాన్న ఇంట్లో టీవీయే లేదని మా అందరికీ తెలుసు. నాన్న చాప మీద కాస్త పక్కకు జరిగాడు, అంతే. ఆ రోజు ఆడింది ఫిన్లాండూ చెకోస్లోవేకియా. చెక్‌లు గెలిచారు. వాళ్ల పాట వచ్చింది. నాన్నే అందరికన్నా ముందు లేచి నిలబడ్డాడు. అన్నయ్య ఆయన పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. నాకు ఏడుపు ఆగలేదు, నా సోవియట్‌లు ఆ రోజు ఆడనైనా లేదు.

అప్పట్నుంచి మా ఇంట్లో చెప్పని ఒప్పందం ఒకటి అమల్లోకి వచ్చింది. ఫుట్‌బాల్ మాట ఎత్తకూడదు, ఎందుకంటే ఆ రోజుల్లో ఫుట్‌బాల్లో సింగపూరూ మలేషియా జట్లూ తలపడితే వీధులు వీధులే ఊగిపోయేవి. బ్యాడ్మింటన్ కూడా వద్దు. పరేడ్ రోజుల్లో అన్నయ్య రాడు, ఎవరూ పిలవరు. ఐస్ హాకీ ఒక్కటే క్షేమం. నాన్న ఒకసారి చారు తాగుతూ తృప్తిగా అన్నాడు కూడా, "మన రెండు దేశాలకీ మంచు నేదు. ఈ ఆటలో మనకి జట్టన్నదే ఉండదు. బతికిపోనాం," అని. దాని మీదే మా కుటుంబం మిగతా కాలమంతా నడిచింది. అన్నయ్య మాస్టారయ్యాడు, పెళ్లయింది, జోహోర్‌లో ఇల్లు కట్టాడు. వచ్చినప్పుడల్లా గుమ్మంలోనే, "మీ ఫిన్లాండు మళ్లీ ఓడిపోనాది," అనేవాడు. అదే వాళ్లిద్దరి పలకరింపు. ఆ పులిహోర నాటి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోవడం వల్ల అది ఎక్కడికీ పోలేదు. నాన్న పోయినరోజు కూడా అది నాతోపాటే ఆ గదిలో ఉంది. కర్మలయ్యాక అమ్మ నాకు కర్ర ఇచ్చింది, అన్నయ్యకు కోటు ఇచ్చింది. తర్వాత కొన్నేళ్లకు అమ్మ కూడా వెళ్లిపోయింది.

అప్పుడూ ఇప్పుడూ తూచి చూస్తే ఏది బరువో నాకు తేలదు. అప్పుడు ఒక టీవీ, నలుగురం, కనపడని ఒక బిళ్ళ. ఇప్పుడు ఇంట్లో మనిషికో తెర, బిళ్ళ ఎంతో స్పష్టంగా కనపడుతుంది, పక్కన ఎవరూ ఉండరు. అప్పుడు మంచు చూసిన మనిషి మా బ్లాకులో నాన్న ఒక్కడే. ఇప్పుడు మాల్‌లో, బట్టల దుకాణాల మధ్య, ఏడాది పొడుగునా మంచు గడ్డకట్టి ఉంటుంది. పుట్టినరోజు పార్టీకని తారను అక్కడికి మొదట తీసుకెళ్లింది నేనే. పిల్ల పడింది, లేచింది, పడింది, లేచింది. నాలాగే నిలవని పిల్ల అని మురిసిపోయాను. మంచు లేని దేశాలకు జట్లుండవన్న నాన్న మాట మీద నేను ఎంత ధీమాగా ఉన్నానంటే, ఆ పిల్ల చేతికి కర్ర ఇప్పించేటప్పుడు కూడా నాకు ఏ అనుమానమూ రాలేదు. ఆడి ఆడి ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను.

ఆట రోజు పొద్దున్నే అన్నయ్యను తీసుకురావడానికి వుడ్‌ల్యాండ్స్ వెళ్లాను. మధ్యాహ్నం ఆటకు పొద్దున్నే ఎందుకని మా అమ్మాయి అంది, ఇంట్లో ఉంటే గడియారం పగలగొడతానని చెప్పాను. కాజ్‌వే మీద జామ్. అన్నయ్య ఫోను ఎత్తడు. చెక్‌పోస్టు ఇవతల నేను చిన్నప్పుడు నిలబడిన చోటు ఏదో గుర్తుపట్టలేకపోయాను, అన్నీ మారిపోయాయి. మనసులో మాత్రం ఒకటి తేల్చుకున్నాను. సింగపూర్ గెలిచి ఈ పాట వస్తే అన్నయ్య లేవడు. అతను ఒక్కడే కూర్చుని ఉంటే తార చూస్తుంది, జనం చూస్తారు. నేను కూడా లేవకుండా పక్కన కూర్చుంటాను. మనవరాలు గెలిచిన పాటకు అమ్మమ్మ కూర్చుంటే ఎవరేమనుకున్నా సరే. ఆ రోజు చాప మీద అతన్ని ఒంటరిగా వదిలి లేచినది చాలు. అనుకోవడానికి అనుకున్నాను గానీ, నా దేశం పాటకు కూర్చోవాలంటే నా మోకాళ్లు ఒప్పుకుంటాయో లేదో తెలియదు. ఈ దేశం నాకు చదువిచ్చింది, ఉద్యోగమిచ్చింది, నాన్నకు మూడు గదులిచ్చింది. అది నాకు మామూలు పాట కాదు.

అన్నయ్య చివరికి దిగాడు. డెబ్భై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు, చంకలో నాన్న కోటు మడత. "ఈ ఎండలో అదెందుకు," అంటే, "రింకులో సలి," అన్నాడు. రైల్లో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. మామూలుగా ఐతే గుమ్మంలోనే ఏ దేశం ఓడిందో చెప్పేవాడు. ఆ రోజు ఏమీ చెప్పలేదు. ఇద్దరం కిటికీలోంచి బయటికి చూస్తూ, తార చదువు గురించి, అతని కంటి ఆపరేషన్ గురించి మాట్లాడుకున్నాం. నేను సీట్లోంచి లేచి నిలబడటం, మళ్లీ కూర్చోవడం చూసి ఎదురుగా ఉన్న అబ్బాయి తన సీటు ఇవ్వబోయాడు.

రింకులో ఒక పక్క సింగపూర్ ఎరుపు తెలుపు చొక్కాలు, ఇంకో పక్క మలేషియా పసుపు నలుపు చొక్కాలు. మేం మధ్యలో కూర్చున్నాం. అన్నయ్య కోటు తొడుక్కున్నాడు. నాన్న కోటు అతనికి వదులు. ఆట మొదలయ్యాక నాకు ఎవరి వైపు అరవాలో తేలలేదు. తార బిళ్ళ అందుకుంటే గుండె లేచేది, అవతలి పిల్ల దాన్ని లాక్కుంటే, అబ్బ ఎంత చురుకు అనిపించేది. పాపం, ఆ పిల్లల్లో ఎవరు పేరాక్ వాళ్లో, ఎవరు జోహోర్ వాళ్లో! తార ఒకసారి అవతలి పిల్లను కర్రతో తట్టి పడేసింది. దానికి శిక్షగా రెండు నిమిషాలు పక్క గదిలో కూర్చోబెట్టారు. అన్నయ్య మొదటిసారి నవ్వాడు. "నాన్న కర్రతో నువ్వు నన్ను బెదిరించినప్పుడు నిన్నూ ఇలాగే కూకోబెట్టాల్సింది," అన్నాడు. చివరి నిమిషాల దాకా సమంగా నడిచిన ఆటలో సింగపూర్ పిల్లలు ఒక గోలు ఎక్కువ కొట్టి గెలిచారు. గంట మోగింది. ఎరుపు చొక్కాలన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

పిల్లలు మంచు మీద రెండు వరసల్లో నిలబడ్డారు. మైకులో దయచేసి లేవమన్నారు. చుట్టూ కుర్చీలు టపటపా ముడుచుకున్నాయి. నేను కూర్చునే ఉన్నాను, రెండు చేతులతో కుర్చీ అంచు పట్టుకుని. అన్నయ్య వైపు చూడలేదు. బ్యాండు మొదలైంది.

"ఏటే సిట్టీ, కూకున్నావు?" అన్నాడు అన్నయ్య.

నేను కుర్చీ అంచు ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

"నువ్వు నెగ్గినావు, నువ్వు లెగాలి. ఇయ్యాల నానోడిపోనాను, నానూ లెగాలి. మోకాళ్లు రానీడం నేదు. సెయ్యియ్యి."

నేను లేచి అతని చెయ్యి పట్టుకుని లాగాను. కోటుతోపాటు లేచాడు. కర్పూరం వాసన గుప్పుమంది. ఇన్నేళ్లూ ఆ జేబుల్లో అతను కర్పూరం మారుస్తూనే ఉన్నాడన్నమాట. పాట సాగుతోంది. తార నోరు తెరిచి పాడుతోంది, చెంపలు ఎర్రగా. అన్నయ్య తారను చూడ్డం లేదు, ఎదుటి వరసలో కళ్లు తుడుచుకోకుండా తిన్నగా నిలబడ్డ పసుపు చొక్కా పిల్లల్ని చూస్తున్నాడు. నాకు ఇప్పుడు పాట మొత్తం వచ్చు, పాడకుండా అతని చెయ్యి పట్టుకునే విన్నాను.

పాట అయిపోయింది. జనం కేకలు వేశారు, కొంతమంది కూర్చున్నారు, కొంతమంది మెట్లు దిగిపోతున్నారు. తార మా వైపు కర్ర ఊపింది. అన్నయ్య చేతులు కట్టుకుని, మంచు వైపు చూస్తూ, అలాగే నిలబడి ఉన్నాడు.

"అయిపోయింది అన్నయ్యా, కూర్చో," అన్నాను.

"నీకైపోనాది," అన్నాడు. "నాన్నకి నానింకో పాట బాకీ ఉన్నాను. ఉండు."

ఒక పాట పట్టేంతసేపు అతను అలాగే నిలబడ్డాడు. నేను కూడా కూర్చోలేదు.